తలుపు తీయకు

ప్రియమైన శ్రీవారికి,

మీకు పక్క ఊళ్ళో పని దొరికిందని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. నా సంగతి అడక్కండి. పొద్దున ప్రార్థన సమాజం అధ్యక్షుడు మళ్ళీ తలుపు కొట్టాడు. "అక్కయ్యా, కింద ప్రార్థన మొదలవుతోంది, రండి" అని ఎంత తియ్యగా పిలిచాడో! మిమ్మల్ని సమాజం ప్రెస్సులోంచి గెంటేయమన్న నోటితోనే. నేను మెట్లు దిగితే చాలు, గదికి తాళం పడుతుంది. దేవుడికి లోపలి నుంచే దండం పెట్టుకున్నాను. పాలావిడ వస్తే కిటికీలోంచి బుట్ట దించుతున్నాను. ఈ ఉత్తరం పోస్టు చేసేదీ ఆవిడే.

మీ గయ్యాళి

ప్రియమైన గయ్యాళికి,

తలుపు తీయకు. ప్లీడరుగారు మరీ మరీ చెప్పారు. సమాజం పెట్టిన పెద్దాయన పోయేముందు ఆ గది మనకే ఇచ్చినా, చేతిలో కాగితం లేదు. కోర్టులో కేసు వాయిదా దాకా నువ్వు అందులో ఉండటమే మన బలం. నా ఉద్యోగం గొడవా అలాగే ఉంది. ఇన్నేళ్ళు ప్రార్థన పుస్తకాలు అచ్చు వేస్తే, "నువ్వు నౌకరువి కాదు, భక్తుడివి, జీతమెక్కడిది?" అంటున్నారు. మరి నెలనెలా ఇచ్చినవేమిటట, దీవెనలా! ఎవరెంత బతిమాలినా గడియ తీయకు.

నీ మొండిఘటం

ప్రియమైన శ్రీవారికి,

ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు. ఒంట్లో బాగుందా? ఇక్కడ నీళ్ళు, కరెంటు ఆపేశారు. నిన్న మధ్యాహ్నం తలుపు అవతల ఎవరో చాలాసేపు నిలబడ్డారు. కొట్టలేదు, పిలవలేదు. బీరువా అడ్డం జరిపి, దానికి వీపు ఆనించి కూర్చున్నాను. ఒక్క ముక్క రాయండి.

మీ గయ్యాళి

ప్రియమైన గయ్యాళికి,

పనిలో పడి రాయలేకపోయాను. నువ్వలా బిక్కుబిక్కుమంటూ ఉంటే నాకిక్కడ ముద్ద దిగడం లేదు. పోనీలే, ఆ గది ఎవడిక్కావాలి! తాళంచెవి అధ్యక్షుడి చేతిలో పెట్టి వచ్చేయ్. ఆయన మరీ అంత చెడ్డవాడేం కాదు. బస్సు దిగే చోట నేనుంటాను.

నీ మొండిఘటం

ఏమండీ,

ఉత్తరం అందింది. చదివి, ఏడ్చి, మూట కూడా కట్టుకున్నాను. బీరువా సగం జరిపాను. అంతలో కింద ప్రార్థన మొదలైంది. అందరికంటే ముందు పరిగెత్తే గొంతొకటి వినిపించింది. నా మొగుడి గొంతు నాకు తెలియదూ!

పాలావిడని నిలదీస్తే తలవంచుకుని చెప్పింది, మీరు మళ్ళీ ప్రెస్సుకి వెళ్తున్నారని. గది ఖాళీ చేయిస్తే ఉద్యోగం ఇస్తామన్నారట. నా ముఖం మీదే చెప్పి ఉంటే తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, చివరికి మీ వెంట వచ్చేదాన్నేమో కూడా.

బీరువా మళ్ళీ అడ్డం పెట్టాను. కేసులో నా పేరు కూడా ఉంది. ఈ ఉత్తరానికి పోస్టు అక్కర్లేదు, పాలావిడ ప్రెస్సులోనే ఇస్తుంది.

ఇన్నాళ్ళూ వాళ్ళు తలుపు కొడతారని భయపడ్డాను. ఇప్పుడు మీరు కొడతారని భయంగా ఉంది. మీరు పిలిస్తే తీసేస్తానేమో. దయచేసి మెట్లెక్కి రాకండి.

మీ భార్య