అవి అమ్మ పెట్టినవి, ఇవి నేను తీసుకున్నవి

అమ్మకు, ఇక్కడ అందరం బాగున్నాం.

నువ్వు చూసిన సంబంధం వద్దని నేను అలిగి అక్క ఇంట్లో కూర్చున్నానని నువ్వనుకోవడం అన్యాయం. అక్క కూతురు కూరగాయలు ఎందుకు తినదో తేల్చే పనిలో ఉన్నాను. కూరలో బఠానీలన్నీ ఏరి కంచం అంచున వరసగా పేర్చే పిల్ల, నిన్న నా పక్కన కూర్చుని బఠానీ కాయలు ఒలుస్తూ సగం పచ్చివే నమిలేసింది.

"కూరలో వద్దంటావుగా?" అన్నాను.

"అవి అమ్మ పెట్టినవి పిన్నీ. ఇవి నేను తీసుకున్నవి" అంది తాపీగా.

మరి క్యారెట్టు తనే తురిమితే తింటుందా? బీన్సు తనే తుంచితే? రేపు చూస్తాను. ఇక్కడి తురుముపీట మొద్దుబారింది, నీది పంపు. చిన్నప్పుడు నేను ఏ కూర ముట్టేదాన్ని కాదో రాయి. నాన్న దగ్గు తగ్గిందా? ఆయనకు నా నమస్కారాలు.

ఆదివారం నన్ను తీసుకెళ్ళడానికి అన్నయ్య వస్తాడని రాశావు. తురుముపీట ఇచ్చి, భోంచేసి వెళ్ళమను. నేను రావడం లేదు.