కొండపాక పొలం, అమెరికా పాఠం

సారూ,

నమస్తే. మీరు పోయి అయిదు నెలలు దాటింది. పెళ్లయ్యాక కూడా మిమ్మల్ని కాలేజీలో పిలిచినట్టే పిలిచాను కదా, ఇప్పుడు మార్చుకోవడం దేనికని అలాగే రాస్తున్నాను.

మీ జాగాలోకి ఇంకా ఎవరూ రాలేదు. ఈ ఏడాదికి సర్దుకొమ్మని ప్రిన్సిపాల్ మీ చరిత్ర క్లాసులు నా నెత్తిన పెట్టాడు. తెలుగు చెప్పుకునే మనిషిని, 1920ల అమెరికాతో నాకేం పని? మీరేమో పాఠమంతా నోట్లోనే పెట్టుకొని పోయారు. నాలుగు ముక్కలు రాసి పెడితే ఏం పోయేది...

"అమెరికాను సిద్దిపేటకు తెచ్చి చెప్పాలె, గప్పుడే పిల్లలకు ఎక్కుతది" అనేవారు. సరే, అలాగే చెప్పాను. మద్య నిషేధం దగ్గర గుడుంబా గురించి చెబితే క్లాసంతా నవ్వింది. జనం కార్లూ రేడియోలూ వాయిదాల మీద కొన్నారంటే, పిల్లలు తమ ఫోన్లు తీసి చూపించారు. తర్వాత ఫ్లోరిడా... కంటితో చూడని భూమిని కూడా ఎగబడి కొన్నారని, తీరా చూస్తే కొన్ని ప్లాట్లు నీళ్లలో మునిగి ఉన్నాయని, చివరికి కొనేవాడే లేకుండా పోయాడని చెప్పాను.

అక్కడే వచ్చింది తంటా. నరేష్ అని కొండపాక పిల్లవాడు. వాళ్ల బాపు ప్లాట్ల దందా చేస్తాడు. సగం పొలం అమ్మి వెంచర్‌లో పెట్టాడు, మిగతా సగానికీ బేరం కుదుర్చుకున్నాడు. వీడు ఇంటికి పోయి, అందరూ అన్నం తింటుంటే ఫ్లోరిడా మొత్తం అప్పజెప్పాడట.

మర్నాడు ఆ బాపు ప్రిన్సిపాల్ గదిలో కూర్చొని ఉన్నాడు. "మేడం, మీరు పాఠం చెప్తున్నరా, మా దందాకు శాపం పెడ్తున్నరా?" అన్నాడు. ప్రిన్సిపాల్ నా వైపు తిరిగి, ఆ ముక్క వదిలేసి ముందుకు పొమ్మన్నాడు. పరీక్షలో రాదట. మీరు పడాల్సిన పంచాయితీ సారూ ఇది... నాకెందుకు?

నాకు ఒళ్లు మండింది. మీరే వచ్చి వినండి అని నరేష్ బాపుతో అన్నాను. వచ్చాడు. వెనక బెంచీలో కూర్చున్నాడు. షేర్ల బజారు కూలి, బ్యాంకులు మూతబడి, పొలాలు పోగొట్టుకున్నవాళ్ల దాకా చెప్పాను. కదలకుండా విన్నాడు. మనసు మారిందేమో అనుకున్నాను. చివర్లో లేచి, "గది అమెరికా మేడం. మన దగ్గర జాగ రేటు పెరుగుడే గాని తగ్గుడు ఉండది" అని, మర్యాదగా దండం పెట్టి పోయాడు.

అక్కడివాళ్లూ అచ్చం ఇదే మాట అనుకున్నారని మీరు చెప్పేవారు... ఇలాంటివాళ్ల మధ్య అన్నేళ్లు ఎలా పాఠం చెప్పారు? ఒక్కసారీ విసుగు రాలేదా?

మొన్న నరేష్ స్టాఫ్ రూం దగ్గర ఆగాడు. మిగిలిన సగం పొలం వాళ్ల అమ్మ పేరు మీద ఉందట. తహసీల్ ఆఫీసు దాకా పోయి, సంతకం పెట్టనని లేచి వచ్చేసిందట. "నువ్వు బాపుకు చెప్తుంటే నేను గూడ విన్న బిడ్డా" అందట. ఇంట్లో ఇప్పుడు మాటల్లేవు. ఆ సంగతి చెబుతుంటే వాడి ముఖంలో భయమూ ఉంది, గర్వమూ ఉంది. నేను చేసింది మంచిదేనా... మీరుంటే అడిగేదాన్ని.

ఇలా మధ్యలో వదిలేసి పోయినందుకు మీ మీద కోపం ఇంకా తగ్గలేదు. అయినా మాటిస్తున్నాను. ఎవరు చెప్పినా సరే, ఒక్క ముక్క కూడా వదలను.

మీ
పద్మ