అమ్మ అస్థికలు ఏరినవాడికి

ఈ ఉదయం ఆరింటికి లేచి పూజామందసం తలుపులు తెరిచి, అమ్మ పేరు రాసిన పలక ముందు వేడి అన్నం, టీ పెట్టాను. బుద్ధుని నామం నూటెనిమిది సార్లు తలచుకున్నాను. ఉప్పు ముల్లంగితో అన్నం తిని గిన్నె నేనే కడుక్కున్నాను. చెయ్యి వణకలేదు, లెక్క తప్పలేదు. కాబట్టి కియోటోలోని ఉజుమాసా వాస్తవ్యురాలిని, యాభై ఎనిమిదేళ్ల సావతారి ఫుసానోను, డాక్టరు చెప్పిన గడువు తెలిసే, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేతిరాతతో ఈ వీలునామా రాస్తున్నాను. నా తర్వాత అమ్మ పలక ముందు అన్నం పెట్టేది ఎవరన్నదే ఇందులో అసలు విషయం. అమలు బాధ్యత మా చెల్లెలు మిసావోది.

1. ఇల్లు, కుట్టుమిషను, కిమోనోలు మిసావోకు. నల్ల కిమోనో చేతులు నీకు పొడవు. కత్తిరించుకోవే, దాచుకోకు.

2. సినిమా నటుడైన నా తమ్ముడు తమెకిచికి ఏమీ లేదు. మూడేళ్ల క్రితం అమ్మ పోయిందని ఫోను చేస్తే, "సెట్లో రెండొందల మంది కాచుకుని ఉన్నారక్కా. తల్లి చావు చూసే రాత నటుడికి ఉండదు, తెలుసుగా" అన్నాడు. అది ఆ వృత్తిలో మాట. ఒప్పుకున్నాను. కానీ మర్నాడు దహనానికి, తన బదులు గుర్రాల మీంచి పడే డూపుకు తన బట్టలు తొడిగి, తనలాగే తల దువ్వించి పంపాడు. గుమ్మంలోనే గుర్తుపట్టాను. అమ్మ పరువు కోసం నోరు మూసుకున్నాను. పదేళ్లుగా తమ్ముణ్ణి తెర మీద తప్ప చూడని మా బాబాయి తోకుజిరో అతని భుజం తట్టి, "ఏరా, సినిమాల్లో కన్నా ఇక్కడే బాగా ఏడుస్తున్నావే!" అన్నాడు.

దహనమయ్యాక ఒక్కో అస్థికను అయినవాళ్లు ఇద్దరు కలిసి పుల్లలతో పట్టి కలశంలో వేయాలి. కొడుకు స్థానంలో నిలబడి నాతో పట్టింది ఆ డూపు, ఒగురి సెయ్‌జో. తర్వాత పెరట్లో నేలకు తల ఆనించి, "కింద పడమంటే పడతానక్కగారూ. ఇది మాత్రం చేయకూడని పని" అని ఏడ్చాడు. అప్పటినుంచి నెలనెలా అమ్మ తిథికి, పిలవకుండానే వచ్చి సమాధి కడుగుతున్నాడు. తమెకిచి ఒక్కసారీ రాలేదు.

3. పూజామందసం, అమ్మ పలక, సమాధి సంరక్షణ సెయ్‌జోకు. "పత్రికవాళ్లొస్తున్నారక్కా, అమ్మకు దండం పెడుతున్న ఫోటో కావాలట, ఆ మందసం పంపెయ్" అని తమెకిచి పోయిన నెల అడిగాడు. పంపను. అతని దండం ఫోటోగ్రాఫరు చాలనేదాకానే.

4. ఈ కోపం తగ్గించమని బుద్ధుణ్ణి వేడుకున్నాను. తగ్గలేదు. ఆ మాటా ఆయనకే చెప్పుకున్నాను.

ఈ సాయంత్రం ఇంట్లోవాళ్లనూ సెయ్‌జోనూ కూర్చోబెట్టి ఇది చదివాను. "పరాయివాడి చేతికి మన పలకేమిటే?" అన్నాడు బాబాయి. మిసావో, "అయితే దత్తత తీసుకుని మనవాణ్ణి చేసుకో బాబాయ్, నీకూ పిల్లల్లేరుగా" అంది. బాబాయి తలూపాడు. రేపు మునిసిపల్ కార్యాలయంలో దత్తత రాయిస్తారు. సెయ్‌జో ఇంటిపేరు ఇక సావతారి. నా చావు కబురు తమెకిచికి, సంతాప దినాలు తీరే నలభైతొమ్మిదో రోజు కర్మ ముగిశాకే పంపాలని నిర్ణయించారు.

1968 నవంబరు 19

(సంతకం, ముద్ర) సావతారి ఫుసానో

సాక్షులు: ఇషిగురె రియోకై, ఆలయ పూజారి
నకాబో హిసాకో, పొరుగింటామె