దిమ్మెల మీద గీకిన పేరు

మంగళవారం, ఆదోని

"ప్రయోగాలు నువ్వు చెయ్యప్పా, డాక్టరేట్ ఇప్పించే పూచీ నాది" అన్నాడు ఆనాడు నా గైడు గోవిందప్ప. మూడేళ్లు నాపరాళ్ల పొడి కలిపి కాంక్రీటు దిమ్మెలు పోశాను, నీళ్లలో నానబెట్టాను, మిషన్లో పెట్టి పగలగొట్టాను. ఆ ఫలితాలతో డాక్టరేట్ వచ్చింది ఆయన అల్లుడికి.

ఈరోజు ఎమ్మిగనూరు నుంచి సునీత వచ్చింది. మేస్త్రీ యేసన్న కూతురు, ఒకప్పుడు పాలిటెక్నిక్‌లో నా శిష్యురాలు. పీహెచ్‌డీ సీటొచ్చిందట. అదే నాపరాళ్ల పొడి, గైడు ఆ అల్లుడే! కడుపు మండిపోయింది.

"చేరొద్దు" అన్నాను.

"మళ్లీ యాడ దొరుకుతాది సార్ సీటు? మా నాయన పుట్టినకాడ్నుంచి సిమెంటు కలుపుతాండాడు. అదేందో నేనన్నా తెలుసుకోవద్దా?"



"సరే, చేరు. పచ్చి దిమ్మె మీద నీ పేరే గీకు. నోట్‌బుక్ ఎవరి చేతికీ ఇయ్యొద్దు" అన్నాను.

"మీరు గీకలేదా సార్?"

గీకాను. గురుభక్తి కొద్దీ ప్రతి దిమ్మె మీదా గోవిందప్ప పేరే గీకాను, నోట్‌బుక్ కూడా ఆయనకే ఇచ్చేశాను. ఫిర్యాదు చేశాక, విచారణ కమిటీ ముందు ఇది నాదని చూపడానికి ఒక్కటీ లేకపోయింది. ఇదంతా చెబితే ఆ పిల్ల జాలిగా చూసింది. అది ఇంకా మండించింది.

బుద్ధిలేనితనం నాదే, ఒప్పుకుంటాను. దొంగతనం మాత్రం గోవిందప్పది.