కింద పడితే లేస్తావా?

మంగళవారం, ఇబ్రహీంపట్నం

ఇవాళ యాచారం హాస్టల్‌లో లావణ్యతో కూర్చున్నాను. తొమ్మిదేళ్ల పిల్ల. చిన్నతనంలోనే కష్టాలు పడ్డ పిల్లలు ఎంత తట్టుకోగలరో కొలిచే మా ప్రశ్నల కాగితంలో నాలుగోది, "కింద పడినా మళ్లీ లేస్తావా?" కష్టం వచ్చినా తేరుకుంటావా అని ఇంగ్లీషులో ఉన్నదాన్ని అలా తెలుగు చేసింది నేనే.

"అవ్ మేడం, జల్ది లేస్త," అంది. ఐదుకు ఐదు వేశాను.

"లేవకుంటే బాపు ఇంకా తంతుండె," అంది తర్వాత.

ఆ ఐదును ఏం చేయాలి? కొట్టేద్దామంటే, పిల్ల నిజంగానే లేచింది కదా. ఉంచితే ఆ తన్నులకు నేను మార్కులు వేసినట్టు కాదా? బస్సులో వస్తున్నంతసేపూ ఇదే ఆలోచన. రేపు ఆఫీసులో కాగితాలు ఇచ్చేయాలి.

అసలు నన్ను తొలుస్తున్నది అది కూడా కాదేమో. బాపు మాట విని నా పెన్ను ఆగగానే లావణ్య కాగితం వైపు చూడలేదు, నా ముఖం చూసింది. "తప్పయితే వేరేది చెప్త మేడం," అంది మెల్లగా.

అంతకుముందు మూడు జవాబులకూ నేను నవ్వుతూ తలూపానని ఇప్పుడు గుర్తొస్తోంది.