మంగళగి పేరు పిలిచినప్పుడు

ఆదివారం రాత్రి, బీదర్ నుంచి ఇంటికొచ్చాక

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, యువజన సభలో రెండోసారి వడ్డించిన బగారా అన్నం నేను ముట్టలేదు. అది చల్లారిందని మూడోసారిది తిన్నాను.

ఇక అసలు సంగతి. మా అన్న కూతురు రూతమ్మ ఈ లూథరన్ యువజన సభకు రానని రెండేళ్లుగా మొండికేస్తోంది. మా ఊరు మంగళగి చర్చి సంఘంలో ఆ వయసు పిల్ల అదొక్కతే. సభలో ఒక్కో సంఘం పేరు పిలిచి లేపుతారు. అదీ దాని భయం.

"అందరు గుంపుగ లేస్తరు చిన్నాయనా. నేనొక్కదాన్నే కరెంటు ఖంబా లెక్క నిలబడాల్నా?"

"నీ ఈడుల నేను గూడ ఒక్కన్నే లేచిన బేటీ. పందిరంత చప్పట్లు కొట్టిండ్రు!"

ఆ మాట నమ్మి వచ్చింది. ఇవాళ "మంగళగి" అనగానే లేచింది. చప్పుడు లేదు, చప్పట్లు లేవు. అంతలో వెనక నుంచి ఒక పిల్ల వచ్చి దాని పక్కన నిలబడింది.

"మాది ఖటక్ చించోళి. మా దిక్కు గూడ నేనొక్కదాన్నే అక్కా."

ఆ తర్వాత ధన్నూర పిల్ల, అదీ ఒక్కతే. పందిరి చప్పట్లతో మోగిపోయింది.

వచ్చే ఆదివారం ముగ్గురూ మంగళగి చర్చిలో పాట పాడతారట. ఈ ఉత్సాహం ఎన్నాళ్లుంటుందో తెలియదు. కానీ బస్సులో దారంతా రూతమ్మ ఆ పాటే పాడింది.

దానికి ఎప్పుడు చెప్పాలో... నా చిన్నప్పటి ఆ సభలో మంగళగి పేరు పిలిచినప్పుడు నేను లేవనే లేదు. తల వంచుకుని, తెగని చెప్పును సరిచేసుకుంటూ కూర్చున్నాను.