పాత కాలమ్, బోడి ఏలకులు

సోమవారం, పడుకునే ముందు

ఒళ్ళు మండిపోతోంది. బోడినాయకనూరు ఏలకుల్లో పురుగుమందు ఉందేమో చూడాలి. మా ల్యాబులో ఏ శాంపిల్ వచ్చినా అందులోవన్నీ విడివిడిగా బయటికి రావడానికి ఒకే పాత సి18 కాలమ్ గొట్టంలోకి ఎక్కిస్తారు. నీళ్ళలో ఇట్టే కరిగే ఈ మందు అందులో నిలవదు. మిగతా చెత్తతో కలిసి మొదట్లోనే కొట్టుకొచ్చేస్తుంది. వేరే కాలమ్ కావాలని ల్యాబ్ నడిపే మామను అడిగాను.

"గ్రాఫులో మందు పీక్ కనబడలే కదా కణ్ణు! లేదని రాసేయ్, సీక్రం."

"కాలమ్ పట్టుకోలేదు మామా! మందు లేదని ఎట్లా రాసేది?"

నేను సంతకం పెట్టలేదు. మందు లేదని ఆయనే పెట్టి రిపోర్టు పంపేశాడు.

మిగిలిన శాంపిల్ ఇంటికి చేరడం మాకు మామూలే. రాత్రి అత్త ఆ ఏలకులు పాయసంలో వేయబోతే మామ గిన్నె లాగేశాడు.

"అది వద్దు. అంగడిది వెయ్యి."

రిపోర్టులో లేని విషం పాయసంలోకి ఎక్కణ్ణుంచి వస్తుందట!